నడిచొచ్చిన మనిషి

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి లింగంపేట మీదుగా నలభై కిలోమీటర్ల పైచిలుకే. ఏడో నెల కడుపుతో అంతదూరం బస్సులో వచ్చి, ఓపీ చీటీ రాయించుకుని, లైన్లో నిలబడి నా దగ్గరికొచ్చిందామె. ఏమైందమ్మా అంటే, "ఏం లేదు సిస్టర్, జర దమ్మొస్తది" అంది. కింది రెప్ప లాగి చూశాను. ఎర్రగా ఉండాల్సిన లోపలి అంచు సున్నం కొట్టినట్టుంది. హిమోగ్లోబిన్ 5.2 గ్రాములొచ్చింది. గర్భిణికి 11 ఉండాలి. 7 కంటే తగ్గితే తీవ్ర రక్తహీనత.

ఈ పనిలో నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఇదే: నడిచొచ్చిన మనిషిని నమ్మకూడదు. యాక్సిడెంట్లో రక్తం పోయినవాళ్లు స్ట్రెచర్ మీద వస్తారు, వార్డంతా పరుగెడుతుంది. ఈమెకు నెలల తరబడి, ఏళ్ల తరబడి తగ్గింది. గుండె వేగం పెంచుకుని లోటు పూడుస్తూ వచ్చింది. ఆ ఒంటితోనే బీడీలు చుట్టింది, నాట్లేసింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతానికి రక్తం తక్కువ. ఊళ్లో సగంమంది ఆడవాళ్లు అలిసే ఉంటే ఆ అలుపును జబ్బని ఎవరనుకుంటారు?

అందుకే "ఎట్లున్నవ్?" అని అడగడం మానేశాను. "బిందె ఎత్తుకుంటే ఇంటికొచ్చేలోపు ఎన్నిసార్లు దించుతవ్?" అంటాను. "పచ్చి బియ్యం నములుతున్నవా? మన్ను తినబుద్ధయితుందా?" అంటే తలొంచుకుని నవ్వుతారు. ఆ నవ్వు నాకు సగం రిపోర్టు.

గర్భిణులకిచ్చే కేసీఆర్ న్యూట్రిషన్ కిట్లు 2022 డిసెంబరు 21న మొదలైంది మన కామారెడ్డిలోనే. రక్తహీనత ఎక్కువున్న తొమ్మిది జిల్లాల్లో మనదీ ఒకటి మరి. ఖర్జూరం, నెయ్యి, ఐరన్ సిరప్ ఇచ్చారు. మంచిదే. కానీ ఇంటికెళ్లాక విరేచనం నల్లగా అవుతోందనో, కడుపులో తిప్పుతోందనో మందు మూలన పెడతారు. కొందరు గోలీని చాయ్‌తో మింగుతారు, చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఇవి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఓపీ రద్దీలో ఆ రెండు నిమిషాలే దొరకవు.

ఎల్లారెడ్డి నుంచి వచ్చినామెకు రక్తం దొరికింది. సంచి మీద గ్రూపు, నంబరు ఇద్దరు సిస్టర్లం కలిసి చదివి, సరిచూసుకుని మొదలుపెట్టాం. తొలి పదిహేను నిమిషాలు మంచం పక్కనుంచి కదలను. చలి, దురద, నడుంనొప్పి... ఏ తేడా వచ్చినా ఎక్కువగా అప్పుడే మొదలవుతుంది. పక్కనే అత్త.

"జర స్పీడు పెంచరాదు సిస్టర్, ఆఖరి బస్సు పోతది."

"ఇయ్యాల బస్సు లేదు పెద్దమ్మా. కోడలి గుండె ఇప్పటికే అలిసిపోయింది. ఒక్కసారి గుమ్మరిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతది."

"మేం ఐదుగురిని కన్నం. ఎవలెక్కించిండ్రు మాకు రక్తం?"

ఆ మాటకు ఇంతవరకూ నా దగ్గర జవాబు లేదు. డ్రిప్పు చుక్కలు లెక్కపెట్టుకుని, ఇటు రా పెద్దమ్మా అని ఆమె కింది రెప్ప కూడా లాగాను.

చెయ్యి తోసేసింది. "నాకేమైంది సిస్టర్? బస్టాండు నుంచి నడిచే వచ్చిన గద."

నేను ఇంకో చీటీ తీశాను.