ఫార్మాట్ కొట్టే ముందు

విండోస్ అప్‌డేట్ అయిన మరునాడు కంప్యూటర్ మందగిస్తే మన ఊళ్ల మరమ్మతు దుకాణాలలో తరచుగా వినిపించే సలహా ఒక్కటే: ఫార్మాట్ కొట్టడం, అంటే సి డ్రైవును పూర్తిగా తుడిచి ఆపరేటింగ్ సిస్టమును మొదటినుంచి మళ్లీ ఎక్కించడం. ఆ తరువాత యంత్రం చురుకుగా నడవడం చాలాసార్లు నిజమే. కాని అది దేనివల్ల మందగించిందో చెప్పగలిగిన ఆధారాలన్నీ ఆ తుడుపుతోనే పోతాయి కనుక, అదే అప్‌డేట్ మళ్లీ వచ్చి అదే జబ్బు తిరగబెడితే యజమానికి గాని, మెకానిక్కుకు గాని మొదటిసారి కంటే ఎక్కువ తెలిసి ఉండదు. లోపాన్ని వెతకడం ఒక విద్య అని నమ్మేవారు ఫార్మాట్‌ను చివరి ఉపాయంగా మాత్రమే అట్టిపెట్టుకోవాలి.

యంత్రం మందగించిందంటే అది దేనికోసమో ఎదురుచూస్తున్నదని అర్థం. ఆ ఎదురుచూపు ప్రాసెసర్ కోసమా, ర్యామ్ కోసమా, డిస్కు కోసమా, నెట్‌వర్కు కోసమా అన్నది తేలేవరకు ఏ చికిత్స చేసినా గుడ్డిగా చేసినట్లే. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే తెరుచుకొనే టాస్క్ మేనేజర్ ఈ నాలుగింటి స్థితినీ పక్కపక్కనే చూపిస్తుంది. హార్డ్ డిస్కుతో నడిచే పాత కంప్యూటర్లలో అప్‌డేట్ తరువాత అక్కడ తరచుగా కనిపించేది ఒక వింత పరిస్థితి: ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉంటుంది, డిస్కు మాత్రం 100 శాతం వద్ద కదలకుండా నిలిచిపోతుంది, అయినా ఆ డిస్కు నుంచి కదులుతున్న సమాచారం సెకనుకు ఒక మెగాబైటుకు అటూ ఇటూగానే ఉంటుంది.

దీనికి కారణం డిస్కు నిర్మాణంలోనే ఉంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే పళ్లెం ఒక చుట్టు తిరగడానికి సుమారు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు పళ్లెం మీద ఎక్కడైనా ఉండవచ్చు కనుక సగటున అర చుట్టు, అంటే 4 మిల్లీసెకన్లకు పైగా, వేచి ఉండాలి. చదివే ముల్లు ఒక వలయం నుంచి మరొక వలయానికి జరగడానికి మరో 8 లేదా 9 మిల్లీసెకన్లు కావాలి. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కలను అడిగినప్పుడు ఆ డిస్కు సెకనుకు ఇంచుమించు 80 ముక్కలను మాత్రమే అందించగలదు. ఒక్కొక్క ముక్క 4 కిలోబైట్లు అనుకుంటే మొత్తం 320 కిలోబైట్లు. అదే డిస్కు ఒక పెద్ద సినిమా ఫైలును వరుసగా చదివేటప్పుడు సెకనుకు 100 మెగాబైట్లు దాటగలదు. కాబట్టి 100 శాతం అన్న అంకె డిస్కు ఎంత పని చేసిందో చెప్పదు, క్షణం తీరిక లేకుండా ఉందని మాత్రమే చెబుతుంది. కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీలో ఈ వెతుకులాట లేదు కనుకనే, ఒకే అప్‌డేట్ ఒక ఇంట్లో ఎవరికీ తెలియకుండా గడిచిపోయి పక్కింట్లో రోజంతా బాధ పెడుతుంది.

టాస్క్ మేనేజర్‌లో డిస్కు వరుస తలమీద నొక్కితే ఆ చిన్న ముక్కలను అడుగుతున్న ప్రోగ్రాములు పైకి వస్తాయి. కొత్త ఫైళ్లను సర్దే విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్, మారిన ఫైళ్ల సూచికను తిరిగి రాసుకొనే సెర్చ్ ఇండెక్సర్, కొత్తగా వచ్చిన వాటిని తనిఖీ చేసే యాంటీవైరస్ సాధారణంగా అక్కడ ఉంటాయి. మ్యాక్ కంప్యూటర్లలో సూచిక రాసే పనిని స్పాట్‌లైట్ చేస్తుంది. ఇవి రోగాలు కావు, మిగిలిపోయిన పనులు. యంత్రాన్ని ఛార్జరుకు తగిలించి, నిద్రలోకి జారకుండా ఒక రాత్రి వదిలేస్తే చాలావరకు అవే ముగుస్తాయి. విసుగుతో మాటిమాటికీ ఆపి మళ్లీ వేసేవారి కంప్యూటర్లలో ఈ పని రోజుల తరబడి సాగడం సహజం.

అప్‌డేట్ తరువాత జరిగిన ప్రతిదీ అప్‌డేట్ వల్లనే జరిగిందనుకోవడం కాకి వాలగానే తాటిపండు రాలినట్లు భావించే కాకతాళీయమే కావచ్చు. ఒక్కొక్కసారి అప్‌డేట్ నిందితురాలు కాదు, సాక్షి: అది డిస్కులో చాలాకాలంగా ఎవరూ తాకని చోట్లను చదివి, కొత్తగా గిగాబైట్ల కొద్దీ రాస్తుంది కనుక అప్పటికే పాడవుతున్న భాగాలు ఆ రోజే బయటపడతాయి. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకొనే స్మార్ట్ అనే లెక్కలను చూపించే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. పాడైన చోట్లకు బదులుగా కేటాయించిన సెక్టార్ల సంఖ్య అందులో పెరుగుతూ పోతుంటే ముందు చేయవలసింది ఫొటోలను, దస్త్రాలను వేరే చోటికి నకలు తీసుకోవడం. అటువంటి డిస్కును ఫార్మాట్ చేస్తే లోపం అలాగే ఉండి ఫొటోలు పోతాయి.

మరికొన్ని మందగింపులు తెలిసి చెల్లించే మూల్యం. 2018 జనవరి 3న మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే లోపాలు లోకానికి వెల్లడయ్యాయి. ప్రాసెసర్లు వేగం కోసం, అవసరమో కాదో తేలకముందే కొన్ని ఆదేశాలను ముందుగా అమలు చేసి, అక్కరలేదని తేలితే ఫలితాన్ని పారేస్తాయి. ఆ పారేసిన పని క్యాష్ అనే లోపలి జ్ఞాపకశక్తిలో మిగిల్చే జాడల ద్వారా రహస్యాలను రాబట్టవచ్చని పరిశోధకులు చూపారు. మెల్ట్‌డౌన్‌కు విరుగుడుగా, ఆపరేటింగ్ సిస్టమ్ గర్భమైన కెర్నెల్ జ్ఞాపకశక్తి పట్టికలను మామూలు ప్రోగ్రాముల పట్టికల నుంచి వేరు చేయవలసి వచ్చింది. దానితో ప్రోగ్రాము కెర్నెల్‌ను పలకరించిన ప్రతిసారీ పట్టిక మార్చుకొనే ఖర్చు పడింది. డేటాబేసుల వంటి, కెర్నెల్‌ను పదేపదే పిలిచే పనులకు ఆ భారం ఎక్కువ, కేవలం లెక్కలు కట్టే పనులకు తక్కువ. హాస్‌వెల్ తరానికి గాని, అంతకు ముందు తరాలకు గాని చెందిన ప్రాసెసర్ల మీద విండోస్ 7, 8 వాడేవారిలో అత్యధికులు వేగం తగ్గడాన్ని గమనిస్తారని మైక్రోసాఫ్ట్ అప్పుడే ఒప్పుకొంది. ఇటువంటి అప్‌డేట్‌ను తీసేస్తే వేగం తిరిగి వస్తుంది, దానితోపాటు లోపమూ తిరిగి వస్తుంది. ఆ బేరం మంచిది కాదు.

నిజంగా అప్‌డేట్‌దే తప్పయిన సందర్భాలూ ఉన్నాయి. 2021 అక్టోబరు 5న విడుదలైన విండోస్ 11 ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లలో ఎల్3 క్యాష్ జవాబిచ్చే సమయాన్ని సుమారు మూడు రెట్లు పెంచవచ్చని, దానివల్ల కొన్ని ప్రోగ్రాములు 3 నుంచి 5 శాతం, కొన్ని ఆటలు 10 నుంచి 15 శాతం నెమ్మదించవచ్చని ఏఎండీయే ప్రకటించింది. అక్టోబరు 21న మైక్రోసాఫ్ట్ సవరణ, దానికి తోడుగా ఏఎండీ డ్రైవరు వచ్చేవరకు, ఆ విండోస్ 11నే ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టి ఎక్కించినా ఫలితం మారేది కాదు.

ఇటువంటి తప్పును రుజువు చేయడానికి ఒకసారి ఒక్క మార్పే చేయాలి: డ్రైవరు మార్చి, యాంటీవైరస్ తీసి, అప్‌డేట్‌ను కూడా వెనక్కి తీసుకుంటే యంత్రం బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. నెలవారీ అప్‌డేట్‌ను సెట్టింగ్స్‌లోని అప్‌డేట్ చరిత్ర నుంచి తొలగించవచ్చు. విండోస్ వెర్షనే మారినప్పుడు పాత వ్యవస్థ విండోస్.ఓల్డ్ అనే ఫోల్డరులో మామూలుగా 10 రోజులు మాత్రమే ఉంటుంది. 2021లో సవరణ రావడానికి 16 రోజులు పట్టిందని గుర్తుంచుకుంటే ఈ గడువు చాలదనే చెప్పాలి. పైగా వేగం పెరుగుతుందన్న ఆశతో చాలామంది మొట్టమొదట చేసే డిస్క్ క్లీనప్‌లో ఈ ఫోల్డరు కూడా తుడిచిపెట్టుకుపోయి, వెనక్కి వెళ్లే దారి ఆ రోజే మూసుకుపోవచ్చు. ఆ 10 రోజులు గడవకముందే, అడ్మినిస్ట్రేటర్ హక్కులతో తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో డిజమ్ అనే ఆదేశంతో ఈ గడువును 60 రోజుల వరకు పొడిగించుకోవచ్చు.