పైపు రెండో కొస

మొక్కలకు నీళ్లు పెట్టేవాళ్లను గమనించడం నాకు అలవాటు. నల్లా దగ్గర అందరూ ఒకటే. తేడా అంతా పైపు రెండో కొస దగ్గర తెలుస్తుంది. కొందరు దాన్ని చేత్తో పట్టుకునే ఉంటారు. కొందరు మడిలో పడేసి, లోపలికెళ్లి కూర కలిపి వస్తారు. చాలామంది మాత్రం డ్రమ్ములో అడుగు దాకా దించి, అది నిండేలోగా ఇంకో పని చూసుకుంటారు. నాకు భయం ఆ మూడో రకం వాళ్లతోనే.

మిద్దె తోట పెంచేవాళ్ల డ్రమ్ములో ఏముంటుందో తెలిసిందే. ఆవు పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి, గుప్పెడు మన్ను కలిపి మురగబెట్టిన జీవామృతం. మొక్కకు అది అమృతమే, కాదనను. నీళ్లు కలిపి పలుచన చేద్దామని పైపు అందులో వేసి ఉండగా, ట్యాంకు కడగడానికి ఎవరో గేట్ వాల్వు కట్టేశారనుకోండి. ధార ఆగిపోయింది, నల్లా మాత్రం తెరిచే ఉంది. నీళ్లు రాని నల్లాను కట్టే అలవాటు మనకెక్కడిది! సరిగ్గా అప్పుడే కింద వంటగదిలో ఎవరో నల్లా తిప్పారు. డాబా మీది నుంచి దిగే లైన్లో నీళ్లు కిందికి జారతాయి. పైన వాల్వు మూసి ఉంది కనక అటునుంచి గాలి రాదు. ఆ ఖాళీలోకి, పైపు దారి వెంట, డ్రమ్ములో ఉన్నది బయల్దేరుతుంది. బండిలోంచి పెట్రోలును నోటితో లాగి సీసాలో పట్టడం చూసినవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. పురుగుమందు కలిపిన బకెట్ అయితే ఇక చెప్పేదేముంది.

1969లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, వూస్టర్ నగరంలో ఇలాగే జరిగింది. హోలీ క్రాస్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు సాధన చేసే మైదానాన్ని తడపడానికి నేలలో గుంటలు తీసి, వాటిలో నల్లాలు అమర్చారు. పక్కనే ఉండే పిల్లలు ఆ గుంటల నీళ్లలో ఆడుకునేవాళ్లు. వాళ్లలో కొందరికి హెపటైటిస్ ఉంది. ఒకరోజు దగ్గర్లో ఎక్కడో నిప్పంటుకుంటే, ఫైరింజన్లు వచ్చి అదే లైన్లోంచి నీళ్లు తోడాయి. లైన్లో ఒత్తిడి పడిపోయి, గుంటలో నీళ్లు పైపులోకి వెళ్లాయి. ఆ నీళ్లే ఆటగాళ్లు తాగారు. జట్టులోనూ శిక్షకుల్లోనూ కలిపి 97 మందిలో 90 మందికి సోకింది. రెండు మ్యాచ్‌లయ్యాక ఆ ఏడాది మిగతా ఆటలన్నీ రద్దు చేసుకున్నారు.

వూస్టర్‌లో ఫైరింజను ఒక్కరోజు చేసిన పనిని మన కాలనీల్లో మోటార్లు నీళ్లొచ్చిన ప్రతిసారీ చేస్తాయి. హైదరాబాద్‌లో రోజు విడిచి రోజు నీళ్లొచ్చే వీధి ఏదైనా చూడండి. లైన్‌మన్ వాల్వు తిప్పగానే, నల్లా కనెక్షన్‌కే నేరుగా మోటారు బిగించి లాగేవాళ్లు నలుగురైనా ఉంటారు. జలమండలి వాళ్లు వేసవిలో తిరిగి మోటార్లు పట్టుకుపోతారు. పక్కింటికి నీళ్లందకుండా పోతున్నాయనే దాని మీదే గొడవంతా. ఆ లాగుడుకు పక్కింటి సంపులో మునిగి ఉన్న పైపులోంచి, పగిలిన జాయింటు పక్కన నిలిచిన మురుగులోంచి కూడా నీళ్లు రావచ్చని ఎవరూ అనుకోరు.

ప్లంబర్‌ని అడిగితే ఎన్‌ఆర్‌వీ, అంటే నాన్ రిటర్న్ వాల్వు, పెడదామంటాడు. మంచిదే. లోపల చిన్న రేకు తలుపు, ముందుకెళ్లే నీళ్లకు తెరుచుకుంటుంది, వెనక్కొచ్చే నీళ్లకు మూసుకుంటుంది. మీదున్న బాణం గుర్తు నీళ్లు పోయే వైపు ఉండాలి, తిరగేసి బిగిస్తే చుక్క రాదు. మన లైన్లలో వచ్చే ఇసుక, తుప్పు పెచ్చులే దానికి శత్రువులు. ఒక పెచ్చు అంచున ఇరుక్కుంటే తలుపు ఓరగా తెరిచే ఉంటుంది, బయటికి ఏమీ కనిపించదు. బ్రిటన్‌లో 1999 నాటి నిబంధనలు పెరటి నల్లాకు డబుల్ చెక్ వాల్వు అడిగేది అందుకే, ఒకటి మొరాయిస్తే రెండోది కాయాలని. అమెరికాలో నల్లా మూతికి వాక్యూమ్ బ్రేకర్ తగిలిస్తారు. లైన్లో ఒత్తిడి పడిపోగానే దాని చిల్లుల్లోంచి గాలి వచ్చి లాగుడు తెగిపోతుంది. అయితే పైపు చివర గన్ బిగించి, నల్లాను రోజంతా తెరిచే ఉంచేవాళ్లకు అందులో మామూలు రకం పనికిరాదు.

నన్నడిగితే వీటన్నిటికంటే ముందు గాలిని నమ్మాలి. నీళ్ల మట్టానికీ పైపు మూతికీ మధ్య ఖాళీ ఉంటే ఏ మోటారూ ఆ ఖాళీని దాటి లాగలేదు. పైపు వ్యాసానికి రెట్టింపు, ఎంత తక్కువైనా ఒక అంగుళం అన్నది లెక్క. మట్టమంటే ఇప్పుడున్న మట్టం కాదు, డ్రమ్ము పొర్లే అంచు. మా డాబా మీద డ్రమ్ము పైన గోడకు కొక్కెం కొట్టించి, పైపు కొసను పురికొసతో దానికి కట్టేశాను. ఖర్చు ఒక్క మేకు.

సంపులోకి దిగే పైపును కూడా అలాగే పైకి కోసేయమంటే మా మేస్త్రి ఒప్పుకోలేదు.

"సప్పుడొస్తది సార్, తెల్లారుజాము నాలుగింటికి. నిద్ర పాడైతది."

కోయించాను. చప్పుడు వస్తోంది, నిజమే. నీళ్లొచ్చాయో లేదో చూడ్డానికి చీకట్లో సంపు మూత ఎత్తే పని మాత్రం తప్పింది.