స్నేహం అడిగిన బిషప్పు ఇంట్లో అంబు

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య చేసిన ప్రసంగమంటే నాకు చాలా ఇష్టం. ముప్ఫై అయిదేళ్ళ నల్ల మనిషి తెల్ల మిషనరీల ఎదుట నిలబడి, మీ త్యాగాలు సరే, మాకు మీ స్నేహం కావాలి అని అడిగాడు. దయ చూపేవాళ్ళకి ఈ మాట ఎంత ఇబ్బందో స్త్రీలుగా మనకు బాగా తెలుసు. సభలో కొందరికి కోపం వచ్చింది కూడా.

రెండేళ్ళకి, 1912 డిసెంబరు 29న, ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పయ్యాడు. 1945 జనవరి 1న చనిపోయేదాకా డోర్నకల్ ఆయన పీఠం. నైజాం ఇలాకాలోని పల్లెల్లో మాల, మాదిగలను ఒకే చర్చిలో కూర్చోబెట్టడం తెల్లవాళ్ళని స్నేహం అడగడం కంటే తేలికైన పనేమీ కాదు. ఆ పని వల్లే గాంధీతో ఆయనకు మతమార్పిడి గొడవ వచ్చింది. దాని మీద చాలా రాశారు, నేనిక్కడ రాయను.

నా ప్రశ్న అంబు గురించి. అంబు మరియమ్మాళ్ శామ్యూల్‌ని ఆయన 1898లో పెళ్ళి చేసుకున్నాడు. అజరయ్య గురించిన చిన్న పరిచయాలు ఏవి తీసినా అంబు గురించి రెండు మాటలు దొరుకుతాయి. దక్షిణాదిలో కాలేజీ చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఒకరన్నది మొదటిది. తిరునెల్వేలిలో ఆమెను మించిన భక్తిపరురాలు లేదన్న భర్త మెచ్చుకోలు రెండోది. మొదటిది వాస్తవం, రెండోది కితాబు. తర్వాతి కథంతా కితాబు మీదే నడుస్తుంది. ఆ కాలేజీ చదువు డోర్నకల్‌లో ఏం చేసిందో ఆ పరిచయాలు అడగవు. ఆయన జీవితాన్ని పుస్తకాలుగా రాసిన కరోల్ గ్రాహం (1946), సుసాన్ బిలింగ్టన్ హార్పర్ (2000) ఇద్దరూ స్త్రీలే కావడం నన్ను ఇంకా ఆలోచనలో పడేస్తుంది.

అదే ఆంగ్లికన్ సంఘంలో ఇంకో జంటను చూడండి. డెస్మండ్ టూటూ, లియా 1955లో పెళ్ళి చేసుకున్నారు. 1975లో జొహానెస్‌బర్గ్ డీన్ పదవి వచ్చినప్పుడు వాళ్ళు ఇంగ్లండులో ఉన్నారు. పాసుల చట్టం లేని చోట, పిల్లలు భయం లేకుండా తిరిగే చోట ఉన్న లియాకి వెనక్కి వెళ్ళడం ఇష్టం లేదు. జాతి హక్కుల కోసం ఆయన వెళ్ళాలన్నాడు, తనకు దొరికిన కాస్త స్వేచ్ఛ పోతుందని ఆవిడ అంది. చివరికి వెళ్ళారు. ఆ నిర్ణయం వాళ్ళ కాపురాన్ని ఎంత కుదిపిందో దాచలేదు. నాకిది గొప్పగా అనిపిస్తుంది. భార్య కాదన్న మాట భర్త చరిత్రలో నమోదైంది.

వెళ్ళాక లియా డీన్‌గారి భార్యగా మిగిలిపోలేదు. దక్షిణాఫ్రికా జాతి సంబంధాల సంస్థలో ఇంటిపనివాళ్ళ ప్రాజెక్టుకు డైరెక్టరయింది. ఆవిడ తల్లి కూడా తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పనిచేసిన మనిషే. 1984 నోబెల్ శాంతి బహుమతి మాత్రం డెస్మండ్‌ పేరున వచ్చింది.

హఫీజ్‌పేటలో మా అపార్ట్‌మెంట్లకి పనికొచ్చే ఒకామెకి ఈ సంగతి చెప్పాను. ఆమె రోజూ పొద్దున్నే అయిదిళ్ళు చేస్తుంది. టూటూ ఎవరని అడగలేదు. "మరి ఆమె బిడ్డ ఆదివారం సెలవు ఇప్పిచ్చిందా మేడమ్?" అంది.

బిషప్పుల పెళ్ళిళ్ళ గురించి చదివేటప్పుడు ఇలాంటి ప్రశ్నలే వేయాలి. అజరయ్య ఎడిన్‌బరోలో అడిగిన స్నేహం ఆయన ఇంట్లో అంబుకు దొరికిందా? డోర్నకల్ ఎప్పుడైనా వద్దనిపించిందా ఆమెకి? ఆమె ఒక్కసారైనా కాదందా?