నవ్వుకోడానికి పెట్టిన సినిమా

మా ఫ్లాట్‌లో శుక్రవారం రాత్రికి ఒక ఆనవాయితీ ఉండేది. ముగ్గురం రూమ్మేట్లం. గోడ మీద సెకండ్‌హ్యాండ్ ప్రొజెక్టర్ వెలుగు, మధ్యలో మిరపకాయ బజ్జీల పొట్లం. పెట్టే సినిమా మాత్రం వీలైనంత చవగ్గా తీసిన హారర్ సినిమా అయ్యుండాలి. ఎడ్ వుడ్ తీసిన 'ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్'లో ఎగిరే పళ్లేలకి కట్టిన దారాలు కనిపిస్తాయి, శ్మశానంలో సమాధి రాళ్లు ఊగుతాయి. రామ్‌సే సోదరుల 'పురానా మందిర్' (1984)లో సామ్రీ తెర మీదికి వచ్చినప్పుడల్లా విజిల్ వేసేవాళ్లం. భూతాన్ని చూసి ఎవడు ముందు జోకేస్తే వాడే మాలో పెద్ద విమర్శకుడు.

2019లో ఒక శుక్రవారం జార్జ్ రొమేరో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' (1968) కూడా అలాగే పెట్టాం. ఆ సినిమా దొరకడం చాలా తేలిక. విడుదలకి ముందు పంపిణీదారు పేరు మార్చినప్పుడు, పాత టైటిల్‌తో పాటు దాని మీదున్న కాపీరైట్ ప్రకటన కూడా పోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క పొరపాటుతో సినిమా అందరి సొత్తయిపోయింది. అందుకే ఇంటర్నెట్‌లో రకరకాల మాసిపోయిన ప్రింట్లు తిరుగుతుంటాయి. మేం చూసింది వాటిలో ఒకటి. మొదట్లో బాగానే నవ్వాం. సమాధుల మధ్య తూలుకుంటూ వచ్చే మనిషి మా కళ్లకి బారు నుంచి ఇంటికి పోతున్న తాగుబోతులా కనిపించాడు. తెర మీద రక్తం నిజానికి చాక్లెట్ సిరప్ అని మాలో ఒకడు ఫోన్‌లో చూసి చదివాడు. ఇంకా నవ్వాం.

సినిమా అయిపోయేసరికి ఎవరం మాట్లాడలేదు. ఎవడో లేచి లైటు వేశాడు, అంతే.

ఈ సినిమాని డబ్బు లెక్కతోనే మొదలుపెట్టాలి. పిట్స్‌బర్గ్‌లో ప్రకటనలు తీసుకుంటూ బతుకుతున్న కుర్రాళ్లు తలా కొంత వేసుకుని, సుమారు 1,14,000 డాలర్లలో దీన్ని పూర్తి చేశారు. లొకేషన్ కూలగొట్టబోతున్న ఒక పొలం ఇల్లు. చచ్చినవాళ్లు దేశమంతా లేచి తిరుగుతున్నారన్నది కథ, కానీ దేశాన్ని చూపించే డబ్బు లేదు. కాబట్టి ఆ కబురు రేడియోలో, టీవీలో వస్తుంది. ఇంట్లో ఇరుక్కున్న ఏడుగురూ తలుపులకి చెక్కలు కొట్టుకుని వార్తల కోసం కూర్చుంటారు. ఈ సినిమా ఇంట్లో చూడాల్సిందని నేననేది ఇందుకే. తెర మీద కొందరు ఒక గదిలో చేరి తెర వైపు చూస్తుంటారు, వాళ్లని మనం మన గదిలో చేరి చూస్తుంటాం.

బయటున్న శవాలు నెమ్మదిగా నడుస్తాయి, నిప్పుకి జడుస్తాయి. అసలు యుద్ధం లోపల, బెన్‌కీ హ్యారీ కూపర్‌కీ మధ్య. నేలమాళిగలోకి పోయి ఒక్క తలుపు మూసుకుంటే చాలంటాడు హ్యారీ. అక్కడ ఇరుక్కుంటే ఇక దారే లేదు, పైనే ఉందామంటాడు బెన్. హ్యారీ పిరికివాడు, పైగా నోటి దురుసు. బెన్ ప్రాణాల మీదికి తెచ్చుకుని బయటి నుంచి పరిగెత్తుకొస్తే తలుపు తియ్యడు. మనకి వాడంటే మంట పుడుతుంది. కానీ ఆ రాత్రి చివరికి బెన్ ప్రాణం దక్కేది ఆ నేలమాళిగలోనే. మనం అసహ్యించుకున్నవాడి మాటే నిజమవుతుంది. రొమేరో దాని గురించి ఒక్క డైలాగూ పెట్టడు.

తెల్లారాక తుపాకులతో ఊరి జనం వస్తారు, వేటకి వచ్చినంత తీరిగ్గా. కిటికీలోంచి తొంగిచూసిన బెన్‌ని శవం అనుకుని కాల్చేస్తారు. బెన్‌గా నటించిన డువాన్ జోన్స్ నల్లజాతివాడు. ఆడిషన్‌లో అందరికంటే బాగా చేశాడు కాబట్టే తీసుకున్నానని రొమేరో చెప్పేవాడు. సినిమాలో ఎవరూ అతని రంగు ప్రస్తావన తీసుకురారు. కానీ అది విడుదలైంది 1968 అక్టోబర్‌లో, మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపిన ఆరు నెలలకి. ముగింపులో కదిలే బొమ్మ ఆగిపోయి, పత్రికలో అచ్చేసినట్టున్న గరుకు ఫోటోలు వస్తాయి. కొక్కేలు పట్టుకున్న మనుషులు, మంటలోకి పోబోతున్న ఒక దేహం. మాసిన ప్రింటు అక్కడ లోపంలా అనిపించలేదు.

ఇంతవరకూ మొదటిసారి చూసిందే. రెండోసారి చూడ్డానికి కారణం వేరు.

2020 జూన్‌లో మా మూడోవాడు ఊరి నుంచి తిరిగొచ్చాడు. కింద నుంచి ఫోన్ చేశాడు. పద్నాలుగు రోజులు ఇంకెక్కడైనా ఉండి రమ్మన్నాడు రెండోవాడు. వాళ్లమ్మకి షుగర్, నెలాఖరుకి ఇంటికి వెళ్లాలి, వాడి భయం వాడిది. అద్దెలో మూడో వంతు నాది కదరా అని వీడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. నేను సోఫాలో ఉన్నాను. ఏమీ అనలేదు. వాడు కాసేపు మెట్ల మీద బ్యాగుతో కూర్చుని, ఎవరో బంధువుల ఇంటికి వెళ్లిపోయాడు.

కొన్ని నెలల తర్వాత ఒక్కణ్ణే ల్యాప్‌టాప్‌లో మళ్లీ చూశాను, ఈసారి న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ వాళ్లు బాగుచేయించిన శుభ్రమైన ప్రింటు. మొహాలు స్పష్టంగా కనిపించాయి. హ్యారీ మొహంలో దుర్మార్గం కంటే భయం ఎక్కువుంది, కింద వాడి కూతురు కాటు పడి ఒళ్లు కాలిపోతూ పడుకుని ఉంది. ఇక నేను ఎవరినని వెతుక్కుంటే, బెన్‌నీ కాదు, హ్యారీనీ కాదు. సోఫాలో కొయ్యబారి కూర్చున్న బార్బరాని. ఆడమనిషిని అలా బొమ్మలా కూర్చోబెట్టడం ఈ సినిమా లోపమే. రొమేరోకీ అలా అనిపించిందేమో, తనే స్క్రీన్‌ప్లే రాసిన 1990 రీమేక్‌లో బార్బరా చేతికి తుపాకీ ఇచ్చాడు. లోపం లోపమే కానీ, మాట రాకుండా కూర్చున్న మనిషి ఎలా ఉంటుందో నాకు చూపించింది పాత బార్బరానే.

'పురానా మందిర్' నాకిప్పటికీ ఇష్టమే. శాపం పాతది, రాక్షసుడు బయటివాడు, చివరికి వాడు చస్తాడు, ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. అక్కడ హాయిగా నవ్వొచ్చు, ఎందుకంటే ఆ ఇంట్లో ఎవరూ దేనికీ జవాబు చెప్పక్కర్లేదు. రొమేరో దగ్గర రాక్షసుణ్ణి చూసి నవ్వుతున్నంతసేపూ గదిలో ఏం జరుగుతోందో మేం చూడలేదు. చాక్లెట్ సిరప్ అని కనిపెట్టి గొప్పగా ఫీలైన ఆ నిమిషంలో తెర మీద ఎవరున్నారో కూడా నాకు గుర్తులేదు.

మూడోవాడు జూలైలో తిరిగొచ్చాడు. ఆ ఫోన్ సంగతి ఎవరం ఎత్తలేదు. శుక్రవారాలు మళ్లీ మొదలయ్యాయి, బజ్జీలూ వచ్చాయి. ఈ సినిమా పెడదామని మాత్రం ఎవరూ అనలేదు.