రెండో వర్గం ఎవరు?

మా పల్లెలో నాకంటే ముందు పేపరు చదవడం వచ్చినోళ్ళు ఇద్దరే. ఒకరు చర్చిలో బైబిలు చదివే తాతయ్య, ఇంకొకరు మిలిట్రీ నుంచి వచ్చిన మావయ్య. పేపరు మా పల్లెకి రాదు. ఊళ్ళో హోటలు ముందు బల్ల మీద పడుంటుంది. ఆ బల్ల మీద మేం కూర్చోకూడదు. పొద్దుటి పేపరు సాయంత్రానికి పకోడీల పొట్లమై మా ఇళ్ళకొచ్చేది. నూనె మరకల మధ్య అక్షరాలు కూడబలుక్కుని చదివాను నేను. అట్లా నేను చదివిన వార్తలన్నీ సగం సగం వార్తలే. పొట్లం కట్టకముందు కూడా అవి సగం వార్తలేనని చాలా ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు.

డిగ్రీ అయ్యాక, 1993లో, ఒక దినపత్రికకి మండల విలేకరిగా చేరాను. విలేకరి అంటే పెద్ద ఉద్యోగమనుకునేరు. జీతం లేదు. అచ్చయిన వార్తలు కత్తిరించి తెల్లకాయితం మీద అంటించి, స్కేలు పెట్టి కొలిచి, కాలమ్ సెంటీమీటర్ల లెక్కన బిల్లు పంపుకోవాలి. రాసిన వార్తలు కవర్లో పెట్టి సాయంత్రం ఆర్టీసీ బస్సుకిచ్చి పంపాలి. అయినా నాకు గర్వంగానే ఉండేది. మా నాయన చెప్పులు కుట్టే చేతికి నేను పెన్ను తెచ్చానని అమ్మ చుట్టాలందరికీ చెప్పుకునేది.

ఒక ఏప్రిల్ 14న మా పక్కూరి మాదిగపల్లె వాళ్ళు అంబేద్కర్ పటాన్ని ఎడ్లబండి మీద పెట్టి డప్పులతో ఊరేగించారు. బండి ఊరి పెద్దబజారుకి మలుపు తిరిగింది. అంతే. కర్రలొచ్చాయి, ఇనప కడ్డీలొచ్చాయి. పటం పగిలింది. పదకొండు మంది దెబ్బలు తిన్నారు. అందులో మా పిన్నమ్మ ఉంది. ఆమె ఊరేగింపులో కూడా లేదు, కొడుకుని వెనక్కి పిలుచుకురావడానికి వెళ్ళింది. మణికట్టు విరిగింది.

నేను పోయి చూశాను, అందరితో మాట్లాడాను, ఎవరు కొట్టారో ఎవరిని కొట్టారో కులాలతో సహా రాశాను. కవరు బస్సుకిచ్చాను. రెండోరోజు జిల్లా పేజీలో ఒక మూల వచ్చింది: ఇరువర్గాల ఘర్షణ, పదకొండు మందికి గాయాలు.

పేపరు పట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్ళాను. పిన్నమ్మకి చదువు రాదు. చదవమంది. చదివాను. ఆమె కాసేపు కట్టుకట్టిన చేతివంక చూసుకుంది. తర్వాత అడిగింది: "రెండో వర్గం ఎవురు నాయనా? మా దిక్కున పదకొండు మందిమి పడి ఉన్నాం. ఆళ్ళ దిక్కున కొట్టీ కొట్టీ చేతులు నొప్పెట్టినోళ్ళు ఎంతమందో అది కూడా రాయకపోయావా?"

జర్నలిజం మీద ఇంతకంటే పెద్ద విమర్శ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఈ వ్యాసమంతా ఆమె ప్రశ్నకి నేను ఇన్నాళ్ళకి చెప్పుకుంటున్న జవాబు.

ఆ వారమే టౌనుకెళ్ళి డెస్కు ఇన్‌చార్జిని కలిశాను. "సార్, అక్కడ రెండు వర్గాలు కొట్టుకోలేదు. ఒకళ్ళు కొట్టారు, ఒకళ్ళు తిన్నారు" అన్నాను. ఆయన కోప్పడలేదు. టీ తెప్పించాడు. "చూడవయ్యా, నువ్వు వాళ్ళ మనిషివి కాబట్టి నీకట్లా అనిపిస్తుంది. విలేకరికి సొంత అభిప్రాయం ఉండకూడదు" అన్నాడు. నేను తల ఊపి వచ్చేశాను. ఆ ఆదివారమే ఆయన పేరుతో లోపలి పేజీలో ఒక వ్యాసం వచ్చింది. రిజర్వేషన్ల వల్ల దేశంలో ప్రతిభ చచ్చిపోతోందని ఆయన బాధ. అది ఆయన సొంత అభిప్రాయం. దాన్ని నిర్మొహమాటం అన్నారు. నాది కళ్ళతో చూసిన సంగతి. దాన్ని కులాభిమానం అన్నారు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఈ రాతకి అర్థం లేదు. ఆ తర్వాత రెండేళ్ళు నేనే స్వయంగా "ఇరువర్గాల ఘర్షణ" అని రాశాను. ఎవరూ మార్చక్కర్లేకుండా ముందే మార్చి పంపాను. అట్లా రాస్తే వార్త అచ్చవుతుంది. అచ్చయితే సెంటీమీటర్లొస్తాయి. మావాళ్ళ దెబ్బల్ని కొలిచి బిల్లు పెట్టుకున్న చెయ్యి నాది. మమ్మల్ని కొట్టినోడి పేరు మాయం చేసే విద్య నాకు అగ్రకులపోడు నేర్పాడు, నిజమే. కానీ నేర్చుకున్నది నేను.

ఆ విద్య ఏందో విద్యార్థి మిత్రులకి వివరంగా చెప్పాలి. పక్షపాతం అంటే అబద్ధం రాయడమే అనుకుంటాం. అబద్ధం రాయక్కర్లేదు. వాక్యంలోంచి కర్తని తీసేస్తే చాలు. "ఫలానావాళ్ళు కొట్టారు" అనేది "గాయపడ్డారు" అవుతుంది. "ఇళ్ళు తగలబెట్టారు" అనేది "ఇళ్ళు దగ్ధమయ్యాయి" అవుతుంది. ఇళ్ళు వాటంతటవే కాలినట్టు! దాడి "ఉద్రిక్తత" అవుతుంది. దాడి చేసినోళ్ళు "ఒక వర్గం" అవుతారు. మేం మాత్రం దళితులుగానే ఉంటాం. మా కులానికి అచ్చు అక్షరాలుంటాయి, వాళ్ళ కులానికి ముసుగు ఉంటుంది. ఇందులో ఎక్కడా అభిప్రాయం కనపడదు. కానీ మొత్తం అభిప్రాయమే.

1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగల మీద కమ్మ భూస్వాములు విరుచుకుపడి ఆరుగురిని చంపారు. ఆడవాళ్ళని చెరిచారు. మంచినీళ్ళ చెరువు దగ్గర జరిగిన అన్యాయాన్ని ఎదిరించి మున్నంగి సువార్త బిందె ఎత్తడం దానికి మొదలు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికారు. ఈ రెంటినీ ఘర్షణ అని ఎవరైనా అంటే ఊరుకోకుండా "కాదు, మారణకాండ" అని నిలబెట్టింది మన ఉద్యమం. 1985 సెప్టెంబరులో చీరాలలో పుట్టిన దళిత మహాసభ చేసిన పనుల్లో ఇది చిన్నదేం కాదు. మాట మారితే కేసు మారుతుంది. ఘర్షణ అయితే రాజీ, మారణకాండ అయితే విచారణ. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుని, 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడేదాకా పోరాడారు అక్కడి జనం. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. ఎనిమిది మందిని ఎవరూ చంపలేదన్నమాట. కోర్టు భాషలో కూడా కర్త మాయమయ్యాడు.

ఇక సొంత అభిప్రాయాల సంగతి. 1990 ఆగస్టు 7న వి.పి. సింగ్ మండల్ సిఫార్సుల ప్రకారం బీసీలకి 27 శాతం ఉద్యోగాలు ప్రకటించాడు. అప్పుడు నేను సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఉన్నాను. రిజర్వేషన్లు వద్దన్న విద్యార్థులు నిరసనగా రోడ్లు ఊడ్చారు, చెప్పులు పాలిష్ చేశారు. ఫొటోలు పేపర్లలో వచ్చాయి. హాస్టల్ రీడింగ్ రూములో ఆ ఫొటోలు చూస్తూ కూర్చున్నాం మేం. మా నాయన నలభై ఏళ్ళు చెప్పులు కుట్టాడు. నా పక్కన కూర్చున్నవాడి తల్లి మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చేది. వాళ్ళ ఫొటో ఎవరూ తియ్యలేదు. మా అమ్మానాన్నల బతుకు వాళ్ళకి నిరసన. ఒక్కరోజు చేస్తే త్యాగం, తరతరాలు చేస్తే కులవృత్తి. ఆ బొమ్మలో ఉన్న అవమానం ఆ ఫొటో ఎంచిన ఏ ఎడిటరుకీ తట్టలేదు. ఎందుకు తట్టలేదు? ఆ గదిలో తట్టేవాడు లేడు గనక.

ఆ రోజుల్లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకుడు అరుణ్ శౌరి. 1982లో మెగసెసే అవార్డు తీసుకున్నవాడు. మండల్ మీద తన పత్రికలో గట్టిగా యుద్ధం చేశాడు. 1997లో అంబేద్కర్ మీద ఒక పుస్తకమే రాశాడు. అంబేద్కర్ స్వాతంత్ర్యోద్యమంలో లేడు, బ్రిటిష్ వాళ్ళ పక్షాన ఉన్నాడు, రాజ్యాంగ నిర్మాత అనడం కూడా కల్పనే అని వాదించాడు. మనవాళ్ళకి రక్తం మరిగింది. 1998లో ఆయన రాజ్యసభకి వెళ్ళాడు, వాజపేయి ప్రభుత్వంలో మంత్రి అయ్యాడు.

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. శౌరి అట్లాంటి అభిప్రాయం రాయడం నాకు అభ్యంతరం కాదు. పేరు పెట్టుకుని రాశాడు. ఎదురుగా నిలబడ్డాడు. ఎదురుగా నిలబడినోడితో కొట్లాడొచ్చు. మనవాళ్ళు కొట్లాడారు, జవాబులు రాశారు. నా అభ్యంతరం వేరే. ఆయనకి ఉన్న అచ్చుయంత్రం అవతల నిలబడినోడికి లేదు. ఆయన మాట దేశమంతా పొద్దున్నే ఇంటింటికీ పోతుంది. దానికి మనం రాసిన జవాబు పది మంది చందాలేసుకుని అచ్చేసిన కరపత్రంలో, ఎవరో చేతికిస్తే తప్ప కనపడదు. వాదం ఇద్దరి మధ్య జరగాలంటే ఇద్దరికీ గొంతు ఉండాలి కదా.

జర్నలిస్టుకి అభిప్రాయం ఉండకూడదు అనేవాళ్ళు ముందు అంబేద్కర్ని పక్కన పెట్టాలి. ఆయన పత్రికా సంపాదకుడే. 1920 జనవరి 31న మూక్‌నాయక్ మొదలుపెట్టాడు. షాహూ మహారాజు 2,500 రూపాయలిచ్చాడు. ఆ పత్రిక వస్తోందని డబ్బులు కడతాం ప్రకటన వెయ్యమంటే తిలక్ స్థాపించిన కేసరి వెయ్యనంది. డబ్బులిచ్చి కొనుక్కునే జాగా కూడా మనకి అంటరానిదే అయ్యింది! 1927లో బహిష్కృత్ భారత్, 1930లో జనతా. ఇవేవీ నిష్పక్షపాతం అని బోర్డు పెట్టుకోలేదు. ఎవరి పక్షమో పేరులోనే చెప్పాయి. మూగవాళ్ళ నాయకుడు, వెలివేసిన భారతం. 1943లో పూనాలో రనడే మీద ప్రసంగిస్తూ పత్రికలు వృత్తిధర్మం వదిలి వ్యాపారమయ్యాయని ఆయన నిలదీశాడు. మన తెలుగు నేలమీదా భాగ్యరెడ్డివర్మ పత్రిక నడిపాడు, కుసుమ ధర్మన్న జయభేరి నడిపాడు. కారంచేడు తర్వాతి రోజుల్లో బొజ్జా తారకం సంపాదకత్వంలో నలుపు వచ్చింది. ఈ పత్రికలన్నీ అభిప్రాయాలే. కానీ దాచుకున్న అభిప్రాయాలు కావు.

కాబట్టి తప్పు అభిప్రాయంలో లేదు. అభిప్రాయాన్ని వార్త అని అమ్మడంలో ఉంది. ఒకే కులాలవాళ్ళ అభిప్రాయం రోజూ వార్తగా అమ్ముడుపోతుంటే, చివరికి అది లోకజ్ఞానం అయి కూర్చుంటుంది.

ఒకే కులాలవాళ్ళు అంటున్నావు, రుజువేంది అంటారా? 1996లో ఒక విదేశీ విలేకరి ఢిల్లీలో దళిత జర్నలిస్టు ఎవరైనా ఉన్నారా అని అడిగితే బి.ఎన్. ఉనియాల్ వెతికాడు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న 686 మంది విలేకరుల జాబితా ముందేసుకుని వెతికితే ఒక్కడూ దొరకలేదని పయొనీర్‌లో రాశాడు. 2006లో అనిల్ చమడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ ఢిల్లీలోని 37 మీడియా సంస్థల్లో నిర్ణయాలు చేసే 315 మంది కులం లెక్కతీశారు. దళితులు సున్నా, ఆదివాసులు సున్నా. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ చూసిన 121 పెద్ద పదవుల్లో 106 అగ్రకులాలవే, ఎస్సీ ఎస్టీలు మళ్ళీ సున్నా. ఇరవై మూడేళ్ళలో పేపర్లు రంగుల్లోకి మారాయి, టీవీలు వందలయ్యాయి. సున్నా మాత్రం మారలేదు.

దాని ఫలితం 2016లో చూశాం. జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. అతన్ని హాస్టల్ నుంచి ఎందుకు వెలేశారు, ఫెలోషిప్ డబ్బులు ఎందుకు ఆగాయి అన్నవి అసలు ప్రశ్నలు. టీవీల్లో నడిచిన చర్చ మాత్రం, అతను నిజంగా దళితుడేనా? చచ్చిపోయినోడి కులం మీద అంత పరిశోధన! యాంకర్లలో ఒక్కరైనా తమ స్టూడియో కులం ఏందని అదే పట్టుదలతో అడిగారా?

అయితే న్యూస్‌రూముల్లో మనవాళ్ళని కూర్చోబెడితే సరిపోతుందా? సరిపోదు. దానికి నేనే సాక్ష్యం. నేను ఉన్నాను. ఉండీ అబద్ధం రాశాను. సెంటీమీటర్ల లెక్కన బతికే విలేకరి కింద ఉండి నిజం పంపితే, పైన డెస్కు మీద అది బతకదు. మనకి కావాల్సింది శీర్షిక పెట్టే కుర్చీ. ఏ ఫొటో వెయ్యాలో, ఏ ఉత్తరం అచ్చెయ్యాలో తేల్చే కుర్చీ. ఆ కుర్చీ వచ్చేదాకా కనీసం మూడు సంగతుల మీద పట్టుబట్టాలి. అభిప్రాయం రాస్తే పేరు పెట్టి రాయాలి. దానికి వచ్చిన జవాబు అదే పేజీలో, అంతే జాగాలో వెయ్యాలి. దాడి వార్తలో కర్త ఉండాలి. కాలేజీల్లో, హాస్టళ్ళలో చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు రోజూ పేపరు ముందేసుకుని ఈ మూడూ చూడండి. ఎర్ర పెన్సిలు పట్టుకుని కర్త లేని వాక్యాల కింద గీతలు గీయండి. పేజీ ఎర్రబడకపోతే నన్నడగండి.

పిన్నమ్మ చేతికి కట్టు విప్పినా ఆ మణికట్టు సరిగ్గా తిరగలేదు. నాట్లకి పోవడం మానేసింది. నేను ఆ పత్రిక మానేసిన సంగతి చెబితే, "మానేస్తే ఎట్లారా, ఇంకోడు రాస్తాడు గదా అట్లాగే" అంది. ఆమె చనిపోయి చాలా కాలమైంది. ఆమె బతికుండగా ఆ వార్తని సరిచేసి రాయలేదు నేను. ఇప్పుడు రాస్తున్నాను:

అంబేద్కర్ పటంతో బజారుకొచ్చినందుకు ఊళ్ళోని పెద్దకులపోళ్ళు పదకొండు మంది మాదిగల్ని కొట్టారు. రెండో వర్గం లేదు.