పెరటి వైపు నుంచి నగరం

మ్స్తిస్లావ్ దొబుజిన్‌స్కీ (1875–1957) నగరాన్ని పెరటి వైపు నుంచి చూసిన రష్యన్ చిత్రకారుడు. 20వ శతాబ్దం మొదట్లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ‘మీర్ ఇస్కూస్త్వా’ (కళా ప్రపంచం) అనే చిత్రకారుల బృందంలో ఉండేవాడు. తోటి చిత్రకారులు రాజభవనాలు, ఉద్యానవనాలు, గతించిన వైభవం గీస్తుంటే, ఆయన అద్దె ఇళ్ల వెనక్కి వెళ్లాడు. ఎత్తయిన గోడల నడుమ బావుల్లాంటి లోగిళ్లు, చలికాలానికి పేర్చుకున్న కట్టెలు, కిటికీ ఒక్కటైనా లేని ఇటుక గోడలు ఆయన బొమ్మలకెక్కాయి.

ఈ చూపు విల్నాలో, అంటే నేటి లిథువేనియాలోని విల్నియస్‌లో అబ్బి ఉండాలి. ఆయన హైస్కూలు చదువు ముగిసింది అక్కడే. పెద్దయ్యాక మళ్లీ మళ్లీ వెళ్లి అక్కడి పాత బస్తీని గీశాడు. గాజుపనివారి వీధి బొమ్మ 1906 నాటిది. అక్కడ కమాను కిందుగా వెళ్తే లోగిలి వస్తుంది. చెక్క వసారాలు, బయటి మెట్లు, ఇంకో కమాను, దాని వెనుక మరో లోగిలి. 1941లో నాజీలు ఈ వీధుల్లోనే యూదులను ఘెట్టోలో బంధించి, అత్యధికులను చంపేశారు. చాలా ఇళ్లు యుద్ధంలోనూ, ఆ తర్వాతా నేలమట్టమయ్యాయి.

లోగిలిని గీయడం వీధిని గీయడం కన్నా కష్టం. వెనక్కి జరిగి చూద్దామంటే చోటుండదు. నాలుగు గోడలూ ఒకేసారి కంటికి ఆనవు, ఆకాశం పైన చిన్న ముక్కగానే కనిపిస్తుంది. ఏదో ఒక మూలను ఎంచుకుని మిగతాది వదిలేయాలి. దొబుజిన్‌స్కీ గట్టి గీతతో గోడల అంచులు కట్టి, లోపల పలుచగా రంగు పరిచేవాడు. ప్రతి ఇటుకనూ గీయకుండానే గోడ బరువు తెలియజేయడం ఆయన గొప్పతనం.

శిష్యులకూ ముందు చూడటమే నేర్పాడు. అప్పటికి బాలుడైన రచయిత వ్లదీమిర్ నబొకోవ్‌కు డ్రాయింగ్ చెప్పేటప్పుడు, రోజూ కళ్లబడే వీధిదీపాన్నీ, తపాలా పెట్టెనూ, వీధితలుపు రంగుటద్దం మీది పువ్వునూ ఎదుట లేకుండా, జ్ఞాపకంతో వివరంగా గీయమనేవాడు. వేలసార్లు చూసినదాన్ని నిజంగా చూశామో లేదో తేల్చే పరీక్ష ఇంతకన్నా మంచిది లేదు.

రష్యన్ విప్లవం తర్వాత కట్టెలు దొరక్క, పెట్రోగ్రాడ్ (సెయింట్ పీటర్స్‌బర్గ్ అప్పటి పేరు) జనం చెక్క ఇళ్లనే విరగ్గొట్టి పొయ్యిలో పెట్టుకున్నారు. జనం పలచబడిన ఆ నగరాన్ని ఆయన రాతిముద్రణ చిత్రాలుగా చేసి 1923లో ఆల్బమ్‌గా తెచ్చాడు. అందులో కాలువ గట్టున వేసిన కూరగాయల మడులున్నాయి. 1924లో దేశం విడిచి లిథువేనియా చేరాడు.