తలుపుకు ఇవతల, అవతల: ‘ఇట్స్ ఎ డిజాస్టర్’ చిత్రంలో హాస్య భయానకాల విరోధ పరిహారం

విరుద్ధ రసాలను ఒకేచోట నిబంధిస్తే రసభంగం కలుగుతుందని ఆలంకారికుల అభిప్రాయం. హాస్యానికి భయానక, కరుణ రసాలు విరోధులని విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో పేర్కొన్నాడు. మరణభయం మీదనే నవ్వును నిలబెట్టే డార్క్ కామెడీ ఈ నియమాన్ని పుట్టుకతోనే ధిక్కరిస్తున్నట్లు కనిపిస్తుంది. అయితే విరోధాన్ని పరిహరించే మార్గాలను కూడా ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం తృతీయోద్ద్యోతంలో చూపాడు. విరుద్ధ రసాలకు వేర్వేరు ఆశ్రయాలు కల్పించడం వాటిలో ఒకటి. టాడ్ బర్గర్ రచించి దర్శకత్వం వహించిన అమెరికన్ చిత్రం ‘ఇట్స్ ఎ డిజాస్టర్’ (2012)లో ఈ మార్గం ఎంతవరకు నిలిచింది, ఎక్కడ కూలింది అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఇతివృత్తం

నాలుగు జంటలు ఒక ఆదివారం బ్రంచ్ విందుకు ఒక ఇంట్లో కలుస్తాయి. ఆతిథ్యమిచ్చిన ఎమ్మా, పీట్ ఆనాడే తమ విడాకుల సంగతి ప్రకటించాలనుకుంటారు. ట్రేసీ తన కొత్త స్నేహితుడు గ్లెన్‌ను తొలిసారిగా మిత్రులకు పరిచయం చేస్తుంది. ఇంతలో బయట బాంబులు పేలి విషవాయువు వ్యాపిస్తుంది. మిత్రులు తలుపులకు, కిటికీలకు టేపు అంటించి లోపలే ఉండిపోతారు. కెమెరా ఆ ఇంటిని దాదాపుగా విడిచిపోదు. నగర విధ్వంసం వార్తగా తప్ప దృశ్యంగా కనిపించదు.

భిన్నాశ్రయత్వం

భయానక విభావం తెర వెనుక ఉండిపోవడంతో ముందుకు వచ్చేవి దాంపత్యపు చిల్లర తగాదాలు. టీవీ, ఫోను పనిచేయకపోతే ప్రళయం కన్నా ముందు కట్టని బిల్లు గుర్తుకు వస్తుంది. రక్షణ దుస్తులు ధరించి వచ్చిన పొరుగువాడు విపత్తు కబురు చెబుతూనే, తనను విందుకు పిలవలేదని నొచ్చుకుంటాడు. శృంగారం నుంచి హాస్యం పుడుతుందని భరతుడు చెప్పాడు. ఇక్కడి హాస్యం చెడిన శృంగారం నుంచి పుట్టింది. భయానికి ఆశ్రయం పాత్రలు. నవ్వుకు ఆ పాత్రలు ఆలంబనం మాత్రమే. హాస్యంలో ఆలంబనమే గోచరిస్తుందని, ఆశ్రయాన్ని విడిగా ఊహించుకోవలసి ఉంటుందని జగన్నాథ పండితరాయలు రసగంగాధరంలో చర్చించాడు. ఈ చిత్రంలో ఆ స్థానం ప్రేక్షకుడిది. పాత్రలు భయపడతాయి, ప్రేక్షకుడు నవ్వుతాడు. ఆశ్రయాలు వేరు కనుక విరోధం లేదు.

తలుపు దగ్గర

ఈ ఏర్పాటును భంగపరిచే సన్నివేశం ఒకటుంది. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే ఐదో జంట ఆ రోజు కూడా ఆలస్యంగానే వస్తుంది. వారి ఆలస్యం అంతవరకు హాస్య సామగ్రి. విషవాయువు సోకిన వారిని లోపలికి రానిస్తే అందరికీ ప్రమాదం కనుక మిత్రులు తలుపు తీయరు. వారు బయటే మరణిస్తారు. ఏ అలవాటును చూసి ప్రేక్షకుడు నవ్వాడో ఆ అలవాటే వారి మృత్యుహేతువైంది. ఆ క్షణంలో ప్రేక్షకుడు కూడా తలుపుకు ఇవతలే ఉన్నాడు, అది తెరుచుకోకూడదనే కోరుకుంటాడు. భయానికి, నవ్వుకు ఆశ్రయం ఒక్కటైపోతుంది. చిత్రంలోని అత్యంత బలమైన ఘట్టమిది. అయితే కథనం దీన్ని తగినంతసేపు నిలపలేదు. కరుణకు చోటివ్వకుండా మళ్లీ చమత్కారానికి మరలడం ఔచిత్యదృష్టితో లోపమే.

గ్లెన్ పాత్ర

ప్రేక్షకుడు ఈ మిత్రబృందాన్ని మొదటినుంచి చూసేది గ్లెన్ కళ్లతో. అతడు కొత్తవాడు, మర్యాదస్తుడు, ఇతరుల వింతలకు విస్తుపోయేవాడు. చిత్రంలోపల నవ్వుకు ఆశ్రయం అనదగినవాడు అతడొక్కడే. చివరకు బైబిలు చెప్పిన అంతిమదినాలు వచ్చాయని గాఢంగా నమ్మి, అందరి వైన్‌లో విషం కలిపినవాడు కూడా అతడే. ఈ మలుపును కేవలం ఆశ్చర్యం కోసం చేసిన కల్పనగా కొట్టివేయవచ్చు. అతని విశ్వాసానికి ముందుగా వేసిన బీజాలు పలుచగా ఉన్నమాట వాస్తవం. రసదృష్టితో చూస్తే మాత్రం దీనికి ప్రయోజనం ఉంది. తలుపు దగ్గర కదిలిన భిన్నాశ్రయత్వం ఇక్కడ పూర్తిగా తొలగిపోతుంది. బయట నిలబడి నవ్వడానికి ప్రేక్షకుడికి ప్రతినిధి మిగలడు.

ముగింపు

చివరి సన్నివేశంలో ఆ విషపు గ్లాసులే పట్టుకొని అందరూ కలిసి తాగాలనుకుంటారు. ముందుగా తాగడానికి మాత్రం ఎవరికీ చేయి రాదు. మరణాన్ని చూపకుండానే చిత్రం ముగుస్తుంది. ఇక్కడ నవ్వు వస్తుంది, కానీ అది పరాయివారిని చూసి నవ్వే నవ్వు కాదు. భిన్నాశ్రయత్వంతో హాస్య భయానకాలను కలపడం ఈ చిత్రానికి ఆరంభం మాత్రమే. ఆ భేదాన్ని క్రమంగా చెరిపి, నవ్వేవాణ్ని భయపడేవాడి పక్కన కూర్చోబెట్టడం దీని సిద్ధి. డార్క్ కామెడీని రసవిరోధ దోషంగా పరిగణించే ముందు, ఆ విరోధం ఎవరి మనసులో, ఏ దశలో ఏర్పడుతుందో విమర్శకుడు గుర్తించవలసి ఉంటుంది.